మూడో వరుసలో దస్తీ

ఉచితంగా పాట వినడానికి వెళ్ళేవాళ్ళకి ముందు ఓపిక ఉండాలి, చెవులు తర్వాత. కార్డు మీద ఆరు గంటలని వేస్తారు. ఆరింటికి మైకువాడు "హలో, చెక్, చెక్" అంటూ ఉంటాడు. ఆరున్నరకి జ్యోతి వెలిగిస్తారు, అది ఆరిపోతుంది, మళ్ళీ వెలిగిస్తారు. ఆ తర్వాత ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి. ఒక్కొక్కరికీ ఒక శాలువా, ఒక్కొక్కరికీ ఒక ప్రసంగం. పాడాల్సిన మనిషి పాపం ఓ పక్కన తంబూరా పట్టుకుని కూర్చునే ఉంటుంది. నాంపల్లి హాళ్ళలో నేను చూసినన్ని శాలువాలు వాటిని అమ్మేవాడు కూడా చూసి ఉండడు. అయినా వెళ్తాను. ఇంట్లో కూర్చుని చేసేదేముంది?

నేను తెలుగు టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని. మాది మెదక్ దిక్కు. మా నాన్న అక్కడ చర్చిలో పాస్టరు. ఉద్యోగానికి పట్నం వచ్చి, ఆడపిల్లల బళ్ళో సంధులూ సమాసాలూ చెప్పుకుంటూ ఇక్కడే ఉండిపోయాను. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు ఒకప్పుడు బోలెడుమంది ఉండేవాళ్ళు, వాళ్ళని చూస్తే ఒళ్ళు మండేది. ఇప్పుడు ఎవరూ అడగరు. అడగకపోతే అంతకంటే కష్టంగా ఉంటుందని ఈమధ్యే తెలిసింది.

ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో, ఒక పాత ఇంట్లో కింది వాటా నాది. పై వాటాలో ఇంటివాళ్ళు ఉంటారు. తాతల నాటి నుంచి బట్టల వ్యాపారం వాళ్ళది. మంచివాళ్ళే. నా వాటా వెనక పెరడుంది. పెరడంటే పెద్దదేం కాదు, రెండు మంచాలు వేస్తే మూడోదానికి చోటుండదు. ఒక జామచెట్టు, ఒక కరివేపాకు, గోడవారగా ఎవరూ నాటకుండానే మొలిచిన బొప్పాయి, కుండీలో వంగమొక్క, పైవాళ్ళు దించి పడేసిన పాత కూలరు. అటు రోడ్డు మీద హారన్లు, ఆదివారమైతే ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల బేరాలు. ఇటు గోడ దాటి వస్తే అవేవీ వినపడవు. ఆ కూలరు కింద ఒక ముంగిస కాపురం పెట్టింది.

పొద్దున్నే చాయ్ పట్టుకుని పీట వేసుకుని కూర్చుంటే నాకు అదే సినిమా. పిగిలిపిట్టలు జంటగా వచ్చి, పండిన జామకాయని ఒక పక్కనే తిని వదిలేసి పోతాయి. మిగతా సగం ఉడుతది. వంగమొక్క ఆకుల్ని ఒక బొటనవేలంత పిట్ట దారంతో కుట్టి గూడు చేసుకుంది. నిజంగా కుట్టింది, నేను ఎక్కిస్తే సూదిలోకి వెళ్ళని దారం దాని ముక్కుకి ఎలా లొంగిందో. ఆ ఏడు ఆ మొక్క నుంచి ఒక్క వంకాయ కోస్తే ఒట్టు. ముంగిస మాత్రం మనిషిని లెక్కచెయ్యదు. కూలరు కిందనుంచి తల బయటపెట్టి, వెనక్కాళ్ళ మీద లేచి నిలబడి, ఇంటి యజమాని అద్దెదారుని చూసినట్టు నన్ను చూసి, పని చూసుకుంటుంది.

అది అలా నిలబడిన మొదటిరోజు నాకు ఎవరికైనా చెప్పాలని ఎంత అనిపించిందో చెప్పలేను. పైవాళ్ళావిడతో చెప్పాను. "అయ్యో, ముంగిసున్నదంటే పాములున్నట్టే గదా టీచరమ్మా, మున్సిపాలిటోళ్ళను పిలుద్దమా?" అంది. వద్దని చెప్పి వచ్చేశాను. మెదక్‌లో ఉన్న మా చెల్లికి ఫోన్ చేసి వివరంగా చెప్పాను. అంతా విని "ఇంకేంటి?" అంది. ముంగిస గురించి చెప్పాక ఇంకేముంటుంది? సంతోషం కూడా కూర లాంటిదే, ఒక్క మనిషికి వండితే మిగిలిపోతుంది. ఆ సాయంత్రం ఉండబట్టలేక చీర మార్చుకుని నాంపల్లి నడిచాను. పబ్లిక్ గార్డెన్స్‌లో చెట్ల మధ్య ఆరుబయట వేణువు కచేరీ ఉందని గోడ మీద కాగితం చూశాను.

అక్కడే ఆయన పరిచయం.

శాలువాల కార్యక్రమం నడుస్తోంది. పొద్దు వాలింది. ఆ వేళకి ఊళ్ళో చిలకలన్నీ ఆ చెట్లకే చేరతాయి, అవి చేరాక వేణువు కాదు కదా నగారా కూడా వినపడదు. వేదిక మీద అతిథి గారు మైకులో ఏదో అంటున్నారు, పైన చిలకలు ఇంకేదో అంటున్నాయి. పక్క కుర్చీలో ఒక పెద్దాయన, తెల్ల చొక్కా, ఒళ్ళో గుడ్డసంచీ, తనలో తాను అనుకున్నట్టుగా అన్నాడు. "గిది నయం. వీటికి శాలువా కప్పే పని లేదు."

నాకు నవ్వాగలేదు. ముందు వరుసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆ నవ్వు ఊపులోనే, అసలు ఊరూ పేరూ తెలియని మనిషికి, ముంగిస సంగతి చెప్పేశాను. ఆయన "ఇంకేంటి" అనలేదు. "లేచి నిలబడ్డదా?" అన్నాడు. "చేతులెట్ల పెట్టుకున్నది?" నేను నా రెండు చేతులూ గుండె దగ్గర పెట్టుకుని చూపించాను. ఆయన తృప్తిగా తలాడించాడు. వేణువు ఎప్పుడు మొదలైందో ఇద్దరం గమనించలేదు.

ఆ తర్వాత ప్రతి కార్యక్రమంలో పక్కపక్కనే. మా చోటు మూడో వరుస, గోడవైపు. ముందు రెండు వరుసలూ అతిథుల బంధువులకి, మూడో వరుస నిజంగా వినేవాళ్ళకి. మా ఇద్దరిలో ముందు వచ్చినవాళ్ళు పక్క కుర్చీ మీద దస్తీ వేసి ఉంచాలి. ఈ ఊళ్ళో దస్తీకున్న పరపతి రిజిస్ట్రీ కాగితానికి కూడా లేదు. బస్సు ఆగకముందే కిటికీలోంచి సీటు మీద దస్తీ విసిరితే ఆ సీటు మనది, ఎవరూ కాదనరు. నేను మొదట్లో నా చేతిరుమాలు వేసేదాన్ని, అంచుకి పువ్వులు కుట్టిన చిన్నది. ఒకసారి ఎవరో దాన్ని చూసుకోకుండా దాని మీదే కూర్చున్నారు. ఆయన పెద్ద గళ్ళ దస్తీ ఒకటి సంచీలోంచి తీసి ఇచ్చాడు.

"గంత జరంత గుడ్డకు సీటు ఆగది మేడం. గిది ఉంచుకోండ్రి."

ఉతికినా దానిలోంచి ఎండుమిరపకాయల ఘాటు పోలేదు. ఆయన ఉస్మాన్‌గంజ్‌లో మిర్చీ దుకాణంలో గుమాస్తాగా బతుకంతా గడిపిన మనిషి. నాకు తుమ్ములు వచ్చేవి. ఆయనకి రావు, ఆయన ముక్కు ఎప్పుడో ఓటమి ఒప్పుకుందట.

నేను నా పెరడు చెప్పేదాన్ని, ఆయన తన పెరడు చెప్పేవాడు. ఆయనది కాచిగూడ. ఇంటి వెనక బావి, బావి మీదకి వంగిన సపోటా చెట్టు, చెట్టు కింద బట్టలు ఉతికే బండ. నా పెరడు దాని ముందు ఏ మూలకి? ఆయన పెరట్లోకి జెముడుకాకి వచ్చేది. నల్లటి ఒళ్ళు, ఇటుకరంగు రెక్కలు, ఎర్రటి కళ్ళు. నేను చిన్నప్పుడు మెదక్‌లో చూడ్డమే, పట్నంలో ఎప్పుడూ నా కంటపడలేదు.

"అది ఎగరది మేడం, నడుసుకుంటనే వస్తది," అనేవాడు. "కిరాయి వసూలుకొచ్చిన సేటు తీరు, అటుజూసి ఇటుజూసి వస్తది. నత్తను పట్టుకుంటది, బండకేసి కొడ్తది. పొద్దుగాల దాన్ని జూసి పోతే బేరం మంచిగైతదని మా అమ్మ మా నాయినను ఎనక తలుపుకాడ నిలబెడ్తుండె. ఆయనకు దుకాణం టైమైతుండె, ఇదేమో రాకపోతుండె. గాడ రోజూ లొల్లే."

నాకు ఆ జెముడుకాకి మీద అసూయగా ఉండేది. ఉన్నమాట చెప్పాలి కదా.

వింటున్నవాళ్ళకి వింతగా ఉండొచ్చు, మేము ఒకరి పేరు ఒకరం అడగలేదు. మొదటిరోజు అడగడానికి బిడియం. ఈ ఊళ్ళో పేరు అడిగితే దాని వెనకే ఊరు, కులం, చర్చా గుడా, పిల్లలెంతమంది, అన్నీ వరుసగా వస్తాయి. పిల్లలెంతమంది అన్నచోట నా సంభాషణలన్నీ ఆగిపోతాయి. అందుకని అడగలేదు. ఆయనా అడగలేదు. ఏడాది గడిచాక ఇక అడిగే మొహం ఎక్కడుంటుంది? "ఇన్నాళ్ళూ పక్కన కూర్చున్నారు, ఇంతకీ మీరెవరండీ?" అని అడగ్గలమా? ఆయన నన్ను మేడం అనేవాడు, నేను ఆయన్ని సార్ అనేదాన్ని. పని జరిగిపోయేది. ఫోన్ నంబర్లూ అవసరపడలేదు. కార్యక్రమాల కాగితాలు గోడల మీద ఉండనే ఉంటాయి. గురువారమైతే నాంపల్లి దర్గాలో కవ్వాలీ. నేను ఆడవాళ్ళవైపు గోడకి ఆనుకుని, ఆయన అటు మొగవాళ్ళలో. అయ్యాక గేటు దగ్గర ఇద్దరం సులేమానీ చాయ్ తాగి, ముంగిసా జెముడుకాకీ విషయాలు ఒప్పజెప్పుకుని, ఎవరి దారిన వాళ్ళం.

ఒకసారి నేనే పిలిచాను. వంగమొక్క గూట్లో పిల్లలు నోళ్ళు తెరిచి ఉన్న రోజులు. "ఒకసారి పొద్దున వచ్చి చూడండి సార్, చాయ్ ఇస్తాను," అన్నాను. అనడానికి నాకు మూడు కచేరీలు పట్టింది. పైవాళ్ళావిడ ఏమనుకుంటుందో అన్నది కూడా ఆలోచించి, అనుకుంటే అనుకోనీ అని తెగించి అన్నాను. ఆయన చాలాసేపు సంచీ సర్దుకున్నాడు.

"వద్దు మేడం. కొత్తోళ్ళను జూస్తే పిట్ట బెదురుతది. మీరు చెప్తే నాకు కనబడ్తనే ఉన్నయి గదా."

నాకు చివుక్కుమంది. ఆ రోజు కచేరీ సగంలో లేచి వచ్చేశాను. కానీ వచ్చే వారం మూడో వరుసలో గోడవైపు కుర్చీ మీద గళ్ళ దస్తీ ఉంది. నేను వెళ్ళి కూర్చున్నాను, గూట్లోంచి పిల్లలు ఎగిరిపోయాయని చెప్పాను. ఆయన కోపమొచ్చిందా అని అడగలేదు.

బొమ్మల ప్రదర్శనలకి కూడా వెళ్ళేవాళ్ళం. ఫైన్ ఆర్ట్స్ చదివే పిల్లలు ఏడాదికోసారి తమ బొమ్మలు పెడతారు. సగం బొమ్మలు నాకు అర్థం కావు, సమోసాలు మాత్రం బాగుంటాయి. అక్కడ ఒక పిల్ల వేసిన బొమ్మ ముందు ఆయన ఆగిపోయాడు. పెద్దదేం కాదు. ఒక పాత ఇంటి వెనక భాగం, బావి, చేద, తాడు మీద ఆరేసిన చీర. మనుషులెవరూ లేరు. నా కాళ్ళు పీకుతున్నాయి, అటు సమోసాలు అయిపోతున్నాయి, ఈ మనిషి కదలడు.

"సార్, అన్నీ చూడాలి కదా," అన్నాను.

"మీరు పోయి చూడండ్రి మేడం," అన్నాడు. "మా పెరడు అచ్చం గిట్లనే ఉంటది."

రోజూ చూసే పెరడు కోసం ఇంతసేపు నిలబడతారా ఎవరన్నా అనుకుని, విసుక్కుని వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి ఆయన అక్కడే ఉన్నాడు.

ఆఖరిసారి కలిసింది ఎండలు ముదిరినప్పుడు, ఒక గజల్ కార్యక్రమంలో. ఆ రోజు నేను ఉడికిపోతున్నాను. పైవాళ్ళు కూలరుని పాత సామాన్లవాడికి ఇచ్చేస్తామన్నారు. కిందేమో ముంగిస పిల్లలు పెట్టింది. లోపలినుంచి సన్నగా కిచకిచలు వినిపిస్తున్నాయి. "వానలు పడేదాకా ఆగమని చెప్పాను సార్, ఆగుతారో లేదో," అన్నాను. ఆయన మామూలు కంటే నెమ్మదిగా ఉన్నాడు. "ఆగుతరు. మీరు గట్టిగ అడగండ్రి," అన్నాడు. "ఏమైందో నాకు చెప్పాలె మరి, మర్సిపోవద్దు." గజల్ పాడినాయన నాలుగు పాటలకి ముప్పావుగంట మాటలు చెప్పాడు. మేము గేటు దగ్గర విడిపోయాం.

తర్వాతి కార్యక్రమానికి ఆయన రాలేదు. నేను దస్తీ వేసి ఉంచాను. ఊరెళ్ళాడేమో అనుకున్నాను. గురువారం దర్గాలో కనపడలేదు. ఆ తర్వాతి కచేరీకీ రాలేదు. ఇంటికొచ్చి కూలరు కింద కిచకిచలు వింటూ కూర్చున్నాను, వాటి సంగతి చెప్పాల్సిన మనిషి లేడు. నాకు భయం మొదలైంది. మంచాన పడ్డాడేమో, ఎవరన్నా చూస్తున్నారో లేదో. వెళ్ళి చూడాలంటే ఏమని వెతకాలి? బతుకంతా పిల్లలకి నామవాచకం చెప్పినదాన్ని, నాకున్న ఒక్క స్నేహితుడికి పేరు లేదు.

సీటు మాత్రం వదల్లేదు. "ఎవరన్న వస్తున్రా గీడ?" అని అడిగితే "ఔ, వస్తున్నారు," అనేదాన్ని. ఒకసారి హాలు నిండిపోయింది, మనుషులు గోడలవెంట నిలబడ్డారు. ఒకాయన వచ్చి మర్యాదగానే అడిగాడు. నేను కుదరదన్నాను.

"అమ్మా, ప్రోగ్రాం సగమైపోయింది. మీ ఆయన ఇగ రాడు."

"మా ఆయన కాదు," అన్నాను. అందరూ తిరిగి చూసేంత గట్టిగా అన్నాను. ఆయన బిత్తరపోయి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. వేదిక మీద సితారు మోగుతోంది. నాకు ఒక్క స్వరం ఎక్కలేదు.

ఆ రోజు అయ్యాక వైర్లు చుట్టుకుంటున్న మైకతన్ని అడిగాను. నాంపల్లిలో సగం హాళ్ళకి మైకు అతనిదే, మమ్మల్ని అతనికి బాగా తెలుసు.

"గా మిర్చీ సారు గదా? స్టేషన్ ముంగట లాడ్జిల ఉంటడు గదమ్మా. వానొస్తుంటే నా బండి మీద గాడ దింపిన."

"కాదు కాదు. ఆయనకి కాచిగూడలో ఇల్లుంది. పెరడుంది, బావి ఉంది," అన్నాను.

అతను నా మొహం చూసి, "గట్లనా, ఏమో మరి," అని వైరు చుట్టుకున్నాడు. నాకు కోపం వచ్చింది. వేరెవరినో దింపి ఈయన్నే దింపానని చెప్తున్నాడనుకున్నాను.

మర్నాడు కాచిగూడ వెళ్ళాను. స్టేషను వెనక సందులన్నీ తిరిగాను. సపోటా చెట్టున్న ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరికీ తెలియదు. బావి అన్నానా, నవ్వారు. ఒక కిరాణా కొట్టు ముసలావిడ మాత్రం, "ఎనకట ఉండె బిడ్డా, ఒకటి కాదు శానా బావులుండె. అన్ని పూడ్చి అపార్ట్‌మెంట్లు గట్టిన్రు," అంది. గేట్ల సందుల్లోంచి తొంగిచూశాను, వాచ్‌మెన్లు అదిలించారు. నాకు కనపడిన పెరళ్ళన్నిటిలో కార్లున్నాయి. ఎండకి కళ్ళు తిరిగి ఒక అరుగు మీద కూర్చుని, ఆయన దస్తీతోనే మొహం తుడుచుకుని తుమ్మాను. ఆ తుమ్ముతో నాకు ఏడుపొచ్చేసింది. ఎవరి ఇంటి అరుగో అది, లోపలినుంచి ఎవరో మంచినీళ్ళు పంపారు.

ఇక మిగిలింది లాడ్జి. వెళ్ళకూడదనే అనుకున్నాను, సాయంత్రానికి కాళ్ళే తీసుకెళ్ళాయి. నాంపల్లి స్టేషను ఎదురుగా, ఇరుకు మెట్లు, మెట్ల మీద కౌంటరు, కౌంటరు వెనక మేనేజరు. నాకంటే కాస్త చిన్నవాడు, చెవుల నిండా వెంట్రుకలు. ఎలా అడగాలో తెలియక, మిర్చీ దుకాణంలో పనిచేసిన ఒక పెద్దాయన, తెల్ల చొక్కా, గుడ్డసంచీ అని మొదలుపెట్టాను. అతను నన్ను పైనుంచి కిందికి చూసి లేచి నిలబడ్డాడు.

"మీరు ఆబిడ్స్ టీచరమ్మనా?"

"మీకెలా తెలుసు?"

"కూలర్ తీసేసిన్రా అమ్మా?" అన్నాడు. "తీసేస్తమన్నరట గదా, కింద ముంగిస పిల్లలున్నయంట గదా."

"తియ్యలేదు," అన్నాను. "వానల దాకా ఆగుతామన్నారు."

"మంచిగైంది. సారు దానికే ఫికర్ జేసిండు," అన్నాడు. "పోగ్రాంలకు పోయొచ్చి, తాళంచెవి తీస్కుంట గీడనే నిలబడి అన్ని చెప్తుండె. పాటల సంగతి చెప్పకపోతుండె. ముంగిస ఏం జేసింది, వంకాయ చెట్టుకు పిట్ట ఎట్ల కుట్టింది, ఉడుత ఏం తిన్నది, గదే. మాకు గూడ అలవాటైంది. ఏం చెప్పకపోతే ఇయ్యాల మీ టీచరమ్మ రాలేదా సారు అని అడుగుతుంటిమి."

"సారు ఎక్కడున్నారు?"

అతను స్టూలు తెచ్చి వేశాడు. కూర్చున్నాక చెప్పాడు. గదిలో పడిపోతే వీళ్ళే దవాఖానకు తీసుకెళ్ళారు. వరంగల్ దిక్కునుంచి చెల్లెలి కొడుకు వచ్చి తీసుకెళ్ళాడు. తర్వాత ఫోన్ వచ్చింది.

"గాడనే పోయిండమ్మా. మీకు చెప్దమంటే మీరెవరో, ఏడుంటరో మాకెర్కలేదు. ఆబిడ్స్ అంటే ఏడని దేవులాడాలె?"

నేను కాచిగూడలో వెతికినట్టే వీళ్ళు ఆబిడ్స్‌లో వెతకాల్సి వచ్చేదన్నమాట. మరి కాచిగూడ ఇల్లు అని అడిగాను. అతను తల అడ్డంగా ఊపాడు. అది సారు చిన్నప్పటి ఇల్లట. అన్నదమ్ములు ఎప్పుడో అమ్ముకున్నారట. పెళ్ళీ పిల్లలూ లేరు, దుకాణంలో పనిచేసినన్నాళ్ళూ ఈ గదిలోనే, మానేశాకా ఈ గదిలోనే. గది ఇంకా ఎవరికీ ఇవ్వలేదు, చూస్తారా అన్నాడు.

చూశాను. ఇనప మంచం, మేకుకి హ్యాంగరు. కిటికీ తెరిస్తే చేయి చాచేలోగా పక్క బిల్డింగు గోడ తగులుతుంది. ఆ సందులో ఒక పైపు, పైపు మీద నాచు, అంతే, ఆకు లేదు. కిటికీ చువ్వల బయట అంచు మీద స్టీలు గిన్నె మూత ఒకటి ఉంది, అందులో ఎండిపోయిన అన్నం మెతుకులు. పిట్టలొచ్చేవా అని అడిగాను.

"గీడికి పావురం గూడ రాదమ్మా. సారు రోజూ పెడ్తుండె. ఒద్దనేందుకు మనసొప్పకపోతుండె."

ఇన్నాళ్ళూ నాకు అబద్ధం చెప్పాడని కోపం రావాలి. నా స్వభావం తెలిసినవాళ్ళెవరైనా అదే అనుకుంటారు. రాలేదు. ఆయన చెప్పిన బావి నిజం, సపోటా చెట్టు నిజం, నత్తని బండకేసి కొట్టిన చప్పుడు నిజం. ఇప్పుడు లేవు, అంతే. నా దగ్గరికి పొద్దున్నే చాయ్‌కి వస్తే నన్ను కూడా ఒకసారి పిలవాలి కదా. ఎక్కడికని పిలుస్తాడు? ఆ రోజు సగంలో లేచి వచ్చేసిన నా వెనక ఆయన ఒక్కడూ ఎలా కూర్చున్నాడో ఆ గదిలో నిలబడి తలుచుకున్నాను.

కిందికి దిగుతుంటే మేనేజరు మొహమాటంగా అడిగాడు. "ఏమనుకోకండ్రి, సారుకు మీరు ఏమైతరు?"

ఏమవుతాను? చెల్లెల్ని కాదు, చుట్టాన్ని కాదు. పేరు కూడా అప్పుడే అతను మాటల్లో అంటే మొదటిసారి విన్నాను, అది ఎవరో వేరే మనిషి పేరులా ఉంది.

"పక్కపక్కన కూర్చుంటాం," అన్నాను.

"ఔ," అన్నాడతను, అదీ ఒక చుట్టరికమే అయినట్టు. వీధి మలుపు దాకా వచ్చి ఆటో ఎక్కించాడు.

వానలు పడ్డాయి. ముంగిస తన పిల్లల్ని వెంటేసుకుని బొప్పాయి పక్కనుంచి గోడ కన్నంలోకి వెళ్ళిపోయింది. ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టుగా, వరుసగా. చాయ్ చల్లారిపోయేదాకా చూశాను. ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. ఆ వారమే కూలరు పోయింది. దాని చోట నేల మీద నాలుగు పలకల తడి మచ్చ మిగిలింది. చాలా రోజులు ఏ కార్యక్రమానికీ వెళ్ళలేదు. గోడ మీద కాగితాలు కనపడినా తల తిప్పుకుని కూరగాయలు కొనుక్కుని వచ్చేదాన్ని. సాయంత్రాలు మహా పొడుగ్గా ఉండేవి.

మొన్న వయొలిన్ కచేరీకి వెళ్ళాను. అదే పబ్లిక్ గార్డెన్స్, అదే ఆరుబయట. మూడో వరుసలో కూర్చుని, చెయ్యి అలవాటుగా సంచీలోకి పోయి గళ్ళ దస్తీ తీసి పక్క కుర్చీ మీద పరిచింది. నేను దాన్ని ఆపలేదు. అతిథులు వేదిక ఎక్కారు. శాలువాల పళ్ళెం వచ్చింది. అప్పుడు ఒకావిడ ఆయాసపడుతూ వచ్చింది, నా వయసే ఉంటుంది, ఒక్కతే. అటూ ఇటూ చూసి నా దగ్గర ఆగింది.

"ఎవరన్న వస్తున్రా గీడ?"

నోటిదాకా 'ఔ' వచ్చింది. ఆవిడ ఒక చేత్తో కుర్చీ వీపు పట్టుకుని నిలబడి ఉంది. నేను దస్తీ తీసి మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఎవరూ రారు. కూర్చోండి," అన్నాను.

ఆవిడ కూర్చుని ఊపిరి తీసుకుంది. విశిష్ట అతిథి తన చిన్నతనం గురించి మొదలుపెట్టాడు. పైన చెట్లలోకి చిలకలు దిగుతున్నాయి. "ఎప్పుడు షురూ జేస్తరో ఏమో," అంది ఆవిడ నాతోనా తనతోనా తెలియకుండా. ఇంటికాడ ఒక్కదానికి బుగులైతుంది, అందుకే వచ్చినా అని కూడా అంది. దస్తీలోంచి ఇంకా కాస్త ఘాటు వస్తోంది.

"మా పెరట్లోకి జెముడుకాకి వస్తుంది," అన్నాను.

ఆవిడ నా వైపు తిరిగింది.

"ఎగరదు. నడుచుకుంటూనే వస్తుంది, కిరాయి వసూలుకొచ్చిన సేటు తీరు. అటు చూసి ఇటు చూసి బావి దగ్గరికి వస్తుంది. నత్తని పట్టుకుని బండకేసి కొడుతుంది."

"బావి గూడ ఉన్నదా?" అంది ఆవిడ, సంచీ ఒళ్ళోంచి తీసి కింద పెడుతూ. "పట్నంల గిప్పుడు బావి ఎవరికున్నది? ఏడమ్మా మీ ఇల్లు?"

"కాచిగూడలో," అన్నాను.